మా రష్యా కోడలు నాకు చెప్పని మాట

మా కోడలు పోయిందన్న కబురు నాకు అందేసరికి ఆమెను మట్టిలో పెట్టి వారం దాటింది. ఆ కబురు ఫోన్‌లో రాలేదు. మా అబ్బాయి ట్యాక్సీ దిగాడు. వాడి వెనకాలే ఆమె కూడా దిగుతుందని నేను పళ్లెంలో ఎర్రనీళ్లు కలుపుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. రెండో తలుపు తెరుచుకోలేదు. డ్రైవరు డిక్కీ తీసి ఆమె నీలం పెట్టె కింద పెట్టాడు.

"ఆమె వెనక బండిల వస్తుందా?" అన్నాను.

"అమ్మా, ఆమె లేదే," అన్నాడు వాడు.

దిష్టి తీయడానికి నాకు తోడుగా వచ్చిన పక్క క్వార్టర్ కన్నడామె "ఏనాయ్తు? ఏనాయ్తు రీ?" అంటూ నా భుజం కుదిపింది. ఏమయిందో నాకు మాత్రం తెలుసా! పళ్లెం నా చేతిలోంచి ఎవరు తీసుకున్నారో, ఆ నీళ్లు ఎక్కడ పోశారో ఇప్పటికీ తెలియదు.

నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. పోయినవాళ్ల గురించి ఏ మాటతో మొదలుపెట్టాలో, ఏ మాటతో ముగించాలో నాకు రాదు. మన తెలుగు సంఘం సంచికకు నాలుగు మాటలు రాయమని అడిగినవాళ్లు, ఆమె మంచితనం గురించి రాస్తే చాలన్నారు. ఆమె మంచిదే. కానీ ఇంట్లో అందరికీ తెలిసి, నాకొక్కదానికి తెలియకుండా పోయింది. ఒకటి రాసి ఇంకొకటి దాచడం నా వల్ల కాదు. దాచడం ఈ ఇంట్లో ఇప్పటికే చాలా అయింది.

మా ఆయనది శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. పాలమూరు నుంచి పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను ఈ క్వార్టర్లలోనే ఉన్నాను. అబ్బాయి డాక్టరు చదువుకని రష్యా పోయి, చదువుతో పాటు ఆమెను కూడా తెచ్చాడు. అక్కడ ఆమె చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పేదట. వాడు రాయచూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆమె నాతో ఇంట్లో ఉండేది. ఆరు నెలలు కూడా నిలవదని క్వార్టర్ల ఆడవాళ్లు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

వచ్చిన మర్నాడు పొద్దున మా ఆయన డ్యూటీకి పోయాడు. నేను చీపురు పక్కన పెట్టుకుని గడప దగ్గర ఊరికే కూర్చున్నాను. మనిషి బయటికి అడుగు పెట్టగానే వెనకాల ఊడవకూడదు కదా. ఆమె వచ్చి చీపురును చూసింది, నన్ను చూసింది. చీపురు తీసుకోబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె మొగుణ్ణి పిలిచి ఏదో అడిగింది. వాడు చెప్పాడు. వినగానే నుదురు కొట్టుకుని ఎంత నవ్విందో!

"వాళ్లింట్ల గూడ గంతేనంటనే అమ్మా," అన్నాడు వాడు. "మనిషి చేరినట్టు కబురొచ్చేదాక నేల కడగరంట. ముందే కడిగితె ఆ మనిషి మళ్ల ఆ ఇంటికి రాడంట. మేం రాయచూర్ స్టేషన్ల దిగి ఫోన్ చేసేదాక వాళ్లమ్మ తడిగుడ్డ ముట్టలేదంట."

ఎక్కడో మంచు దేశంలో, నేను మొహం కూడా చూడని వియ్యపురాలు, నాలాగే గుడ్డ పక్కన పెట్టుకుని కూర్చుందన్నమాట. నాకు ఆ పిల్ల మీద మొదటిసారి ప్రేమ పుట్టింది ఆ రోజే.

ఆ వారంలోనే మా నాయన పేరేమిటని అబ్బాయి చేత అడిగించింది. చెప్పాను. అప్పటి నుంచి నా పేరు పక్కన మా నాయన పేరు చేర్చి పిలవడం మొదలుపెట్టింది. పెద్దవాళ్లను వాళ్ల దేశంలో అలాగే పిలుస్తారట, ఉత్త పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదట. మా నాయన పోయి చాలా ఏళ్లయింది. పెళ్లయ్యాక నన్ను ఫలానా ఆయన భార్య అన్నారు, ఫలానా వాడి తల్లి అన్నారు. ఫలానా ఆయన కూతురని ఎవరూ అనలేదు. ఆమె నోట మా నాయన పేరు వంకర తిరిగి వచ్చేది. అయినా అది విని నేను వంటింట్లోకి పోయి కొంగుతో మొహం తుడుచుకున్నాను. తర్వాత తర్వాత మన మాట నేర్చుకుని అత్తమ్మా అని పిలిచేది. నాకు కోపం వస్తే మాత్రం మళ్లీ ఆ పొడుగు పేరు తీసేది. కోపం పోయేది.

కోపాలు చాలానే వచ్చాయి. ఒక రోజు లీటరు పాలు పొయ్యి మీద పెట్టి, అందులో పులిసిన పెరుగు పోసి, విరగ్గొట్టింది. మనింట్లో పాలు విరిగితేనే మనసు పాడవుతుంది. ఈమె కావాలని విరగ్గొడుతోంది!

"ఏం పని ఇది? శుక్రవారం పూట పాలు విరగ్గొడ్తవా?"

"శనివారం విరగ్గొట్టొచ్చునా అత్తమ్మా?" అంది అమాయకంగా.

ఆ విరిగిన పాలను గుడ్డలో వేలాడదీసి, పిండి, చక్కెర కలిపి, చిన్న చిన్న బిళ్లలుగా నేతిలో కాల్చింది. మా ఆయన ఒకటి తిని, ఇంకొకటి తిని, "పాలు మళ్లెప్పుడు విరగ్గొడ్తవు బిడ్డా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత నేనే అడిగి చేయించుకున్నాను.

ఇంట్లోకి వచ్చినవాళ్లందరికీ తొడుక్కోవడానికి గుడ్డ చెప్పులు ఇచ్చేది. వాళ్ల దేశంలో చుట్టాలకు మొదట ఇచ్చేది అవేనట. ఇంట్లో చెప్పులేమిటని నేను అరిచాను. పాత చీరలతో తనే కుట్టి గడప పక్కన వరసగా పెట్టింది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను కూడా ఒక రోజు నా పెళ్లినాటి చీర అంచును కాళ్లకు తొడుక్కుని నిలబడ్డాడు. ఇక రాయచూరు ఎండల్లో, ఎదురెదురుగా తలుపూ కిటికీ తెరిస్తే ఒప్పుకునేది కాదు. నడుమ గాలి వీపుకు కొడితే జబ్బు చేస్తుందట. "ఈ ఊర్ల గాలి కొట్టాల్నని మేం దేవునికి మొక్కుతం, నువ్వు తలుపేస్తవేంది?" అని నేను తెరిచేదాన్ని. ఆమె మూసేది.

సంతకు తీసుకుపోతే ఆకుకూరల దగ్గర ఆగిపోయింది. సోయకూర కట్ట. ఇక్కడివాళ్లు సబ్బసిగె అంటారు. ఆ కట్ట రెండు చేతులతో తీసుకుని మొహం అందులో పెట్టి అలాగే నిలబడింది. కూరగాయలామె "అక్కా, తినాలె, మొఖానికి పూసుకునేది కాదు," అంది. ఆమె తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. వాళ్ల ఇంటి వాసన అదేనట. దోసకాయలను ఉప్పునీళ్లలో, వెల్లుల్లి, ఆ కూర కాడలు వేసి గాజు సీసాల్లో పెట్టింది. సీసాలు ఫోన్‌లో వాళ్లమ్మకు చూపించింది. వాళ్లమ్మ అటువైపు తన సీసాలు చూపించింది. నేను మధ్యలో దూరి నా మామిడికాయ జాడీ చూపించాను. మాకు ఒకరి మాట ఒకరికి రాదు. అయినా వంకాయ ఎత్తి చూపించి, ధర ఎంత పెరిగిందో వేళ్లతో చెప్పుకుని, నవ్వుకునేవాళ్లం. వియ్యపురాలు పొద్దున రొట్టెల దుకాణంలో పనికి పోయేది. వచ్చాక ఫోన్ చేసేది.

ఒకసారి మస్కిలో మా అక్క మనవరాలి సీమంతానికి పోయాం. గాజులు, పూలు, వచ్చిన జనం చూసి ఆమె బెదిరిపోయింది. బస్సులో వచ్చేటప్పుడు నా చెవిలో చెప్పింది.

"మా దగ్గర కడుపుతోని ఉంటె ఎవరికి చెప్పరు అత్తమ్మా. తల్లికి, మొగునికి, అంతే. బిడ్డ పుట్టేదాక ఊయల గూడ కొనరు. ముందు చెప్తె మంచిది కాదు."

"మా దగ్గర గూడ ముందు బట్టలు కొనరు బిడ్డా," అన్నాను. ఇది కూడా కలిసిందని మురిసిపోయాను. ఆమె చెప్పిన ఆ మాటను కొంగున ముడివేసుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాను. అదే నన్ను ముంచింది.

పోయిన ఎండాకాలం ముందు, వాళ్లమ్మ జారిపడి కాలు విరిగిందని చెప్పారు. చూసుకోవడానికి ఆమె పోవాలన్నారు. పోవద్దని నేనెందుకంటాను? మామిడికాయ తొక్కు, జొన్నపిండి కట్టి ఇచ్చాను. విమానం ఎక్కించి వస్తానని అబ్బాయి కూడా బయలుదేరాడు. ఆ పొద్దున ట్యాక్సీ ఎక్కే ముందు ఆమె నా రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకుంది. "పోయొస్త అత్తమ్మా," అంది. పోతున్నా అనకూడదని, పోయొస్తా అనాలని ఆమెకు నేర్పింది నేనే.

చీపురు ముట్టలేదు. తడిగుడ్డ ముట్టలేదు. ప్లాంటు బూడిద గాలికి వచ్చి కిటికీ అంచుల మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. రెండో రోజు అబ్బాయి ఫోన్ చేసి "చేరిందమ్మా," అన్నాడు. అప్పుడు లేచి ఇల్లంతా కడిగాను.

తర్వాత వియ్యపురాలు ఫోన్‌లో కనిపించింది. స్టూలు మీద చాచిన కాలికి తెల్ల కట్టు. కూతురేదని సైగ చేస్తే అంగడికి పోయిందని సంచీ ఎత్తి చూపించింది. ఇంకోసారి చూస్తే కట్టు ఇంకో కాలికి ఉన్నట్టు అనిపించింది. ఫోన్‌లో కుడి ఎడమలు తిరగబడతాయి కాబోలనుకున్నాను. అంత నమ్మాను.

కోడలిది మొదట్లో గొంతు మాత్రమే వినిపించేది. నెట్ లేదనేది. తర్వాత కనిపించింది. తల చుట్టూ రుమాలు, మొహం ఉబ్బి తెల్లగా. "చలి అత్తమ్మా," అంది. మొహం ఉబ్బింది, మాటలో అలసట, అడిగితే మాట దాటేస్తుంది. నాకు బస్సులో చెప్పిన మాట గుర్తొచ్చింది. తల్లికి, మొగునికి, అంతే. ఓహో, అందుకా పుట్టింటికి పోయింది! నేను అడగలేదు. అడిగితే మంచిది కాదని వాళ్లు నమ్ముతారు, మనమెందుకు చెడగొట్టాలని నోరు నొక్కుకున్నాను. కొత్త బట్టలు కొనలేదు. నా మెత్తటి నూలు చీరలు నాలుగైదు మళ్లీ మళ్లీ ఉతికి, ఎండబెట్టి, మడిచి పెట్టాను.

అబ్బాయికి మాత్రం ఒక రోజు అన్నాను. "ఫోన్ల చెప్పు దానికి, బరువులెత్తొద్దని. మెట్లెక్కొద్దని."

వాడు తింటున్న ముద్ద అలాగే పట్టుకుని, "చెప్తనమ్మా," అన్నాడు.

నెలలు గడుస్తుంటే నాకు ఓపిక పోయింది. కాన్పు అక్కడే అయినా, ఒక మాట చెప్పొద్దా? ఫోన్ రాగానే తిట్టేదాన్ని.

"ఎప్పుడొస్తవు? మొగుడు యాదికున్నడా, మర్చినవా?"

"యాదికున్నడు అత్తమ్మా. లావుగ ఉంటడు, అద్దాలు పెట్టుకుంటడు. అతడే కద?"

"నవ్వకు. పుట్టిల్లు తియ్యగుంటె ఆడనే కూసుంటవా? సంసారం వద్దా నీకు?"

"తిట్టు అత్తమ్మా. ఇంకింత తిట్టు. నువ్వు తిడ్తుంటె నాకు ఆకలైతది."

దీపావళి దాటాక అబ్బాయి సెలవు పెట్టి పోయాడు. తీసుకురావడానికి పోయాడనుకున్నాను. వాడు పోయిన నాలుగు రోజులకు ఆమె పోయిందట. ఆ తర్వాత కూడా మా ఆయన రోజూ డ్యూటీకి పోయి వచ్చాడు, నా చేతి అన్నం తిన్నాడు, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. ట్యాక్సీ వచ్చే రోజు నేను ఎర్రనీళ్లు కలుపుతుంటే, సున్నం డబ్బా అందించింది ఆయనే.

పెట్టె లోపల పెట్టాక అన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. రొమ్ములో గడ్డ. మా ఇంట్లో ఉండగానే తెలిసింది. విమానం ఎక్కింది ఆ పొద్దున కాదు. ఇక్కడి నుంచి హైదరాబాదు ఆసుపత్రికి పోయింది. మూడు నెలలు అక్కడే ఉంది. తగ్గదని తేలాక తల్లి దగ్గరికి పోతానంది. ఆడపిల్ల పుట్టింటికి పురిటికి పోతుంది గానీ, చావుకు పోతుందా? విరిగిన కాలు లేదు. కట్టు ఉత్తది.

"నీకు బీపీ ఉంది కదమ్మా. డాక్టర్ను, నాకు తెల్వదా..."

"ఇప్పుడు దిగిందారా నా బీపీ?"

"ఆమెనే ఒట్టేయించుకున్నది. అందరు నన్ను చూసి ఏడుస్తుండ్రు, అత్తమ్మ ఒక్కతే తిడ్తది, ఆ ఒక్కటి నాకు ఉండనియ్యి అన్నది."

"మెట్లెక్కొద్దని చెప్పుమంటి గదరా నీకు. నేనేమనుకుంటున్ననో తెల్వలేదా?"

"తెలుసమ్మా." వాడు నా మొహంలోకి చూడలేకపోయాడు. "ఆమెకు గూడ చెప్పిన. అనుకోనియ్యి అన్నది. ఆ ఇంట్ల ఒకరన్న సంతోషంగ ఉండనియ్యి అన్నది."

నా సంతోషం సంగతి వీళ్లనెవరు అడిగారు? చచ్చిపోతున్న పిల్లను సంసారం వద్దా అని నా చేత తిట్టించారు. ఆమెకు ఆకలైతే చాలా? ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని, జుట్టు లేకపోతే లేకపోయింది, ఆ నెత్తికి ఇంత నూనె రాసేదాన్ని కదా. జావ కాచి పోసేదాన్ని కదా. ఏడిస్తే ఏడ్చేదాన్ని. ఏడవడం రోగమా? కూతురని నన్ను నమ్మించి, కూతురు చావు నాకు కాకుండా చేశారు. మా నాయన పేరుతో నన్ను పిలిచిన పిల్ల చేసిందిది.

"చేరిందని ఫోన్ చేసిన నాడు యాడున్నది?" అని అడిగాను.

"హైదరాబాద్ల. ఆపరేషనైంది ఆనాడే."

"నేను ఇల్లు కడిగిన."

వాడు అర్థం కానట్టు చూశాడు. వాడికి ఆ సంగతే గుర్తులేదు. ఆమె ఇంకా దారిలో ఉండగానే, ఎక్కడికీ చేరకుండానే, నా చేత ఇల్లంతా కడిగించాడు. ఆ మాట ఆమెకైనా తట్టలేదా? తట్టి ఉంటే, మంచం మీద పడుకుని, అత్తమ్మ ఇప్పుడు నేల కడుగుతూ ఉంటుందని అనుకుని ఉంటే, ఎలా ఊరుకుంది? ఇది అడగడానికి మనిషి లేదు.

వాళ్ల దేశంలో నలభయ్యో రోజు దాకా పోయినవాళ్లు ఇంటి చుట్టూనే ఉంటారని నమ్ముతారు. ఆ రోజు చుట్టాలను పిలిచి భోజనం పెడతారు. ఆ నలభయ్యో రోజున అబ్బాయి ఈ సంగతి చెప్పి, వియ్యపురాలు మాట్లాడాలంటోందని ఫోన్ తెచ్చాడు. అంతవరకు నేను ఆమె ఫోన్ తీయలేదు. ఆ రోజు తీశాను.

ఆమె సగం అయిపోయింది. నన్ను చూసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది.

"క్షమించమంటుందమ్మా," అన్నాడు అబ్బాయి.

"అంతసేపు మాట్లాడితే గంతేనా? మిగిలింది యాడ పెట్టినవు?"

"బిడ్డ అడిగితె కాదనలేకపోయిన అంటుంది. కట్టు కట్టుకున్న ప్రతిసారి నీకు మొఖం చూపించ బుద్ధి కాలేదంట."

"నేను క్షమించనని చెప్పు. తల్లివి, నీకు దక్కింది. నేనేం కాకపోతినా అని అడుగు."

వాడు ఏదో చెప్పాడు. రెండే రెండు మాటలు.

"నేనన్నదంతా చెప్పినవా, ఇది గూడ దాచినవా?"

వాడు ఫోన్ నా చేతికిచ్చి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడు మేమిద్దరమే మిగిలాం, ఆమె, నేను. ఆమె ఫోన్ పట్టుకునే నడవడం మొదలుపెట్టింది. తెల్లగా మంచు. ఆకుల్లేని సన్నటి చెట్లు. బూట్ల చప్పుడు, ఆమె ఆయాసం. ఒక ఇనుప కంచె తలుపు తోసి లోపలికి పోయింది. ఆమె చూపించకపోయినా అది ఏ చోటో నాకు తెలిసింది.

కొత్తమట్టి కనిపించలేదు. అంతా మంచే. ఒక కట్టె శిలువ, దాని మీద చిన్న ఫోటో. ఫోటోలో ఆమె నవ్వుతోంది, వెనకాల మా వంటింటి పచ్చ గోడ ఉంది. ఆ ఫోటో తీసింది నేను. తలలో మల్లెపూలు కూడా ఉన్నాయి. ఆ ఊళ్లో ఎవరికీ ఆ పూల పేరు తెలియదు.

వియ్యపురాలు ఫోన్‌ను దేనికో ఆనించి నిలబెట్టింది. సమాధి పక్కన ఒక పొట్టి బల్ల ఉంది, ఇద్దరు కూర్చునేంత. దాని మీద జానెడు మంచు. ఆమె చేతి తొడుగుతో ఒక సగం తుడిచి కూర్చుంది. నా వైపు చూసింది. నేను ఫోన్ పెట్టేయలేదు.

కాసేపటికి ఆమె పక్కకు వంగి రెండో సగం తుడవడం మొదలుపెట్టింది. తొడుగుతో రాకపోతే తొడుగు తీసేసి, ఒట్టి చేత్తో, గడ్డకట్టిన మంచును గోళ్లతో గీకింది. కట్టె తేలేదాకా గీకింది. తన మెడలోని ఉన్ని గుడ్డ తీసి ఆ తడిని అద్దింది. ఎర్రబడిన చేతిని ఆ ఖాళీ చోట ఆనించి, అలాగే ఉంచి, నన్ను చూస్తూ కూర్చుంది.